సరెండర్ చేయని ఒక్క రోజు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు సవివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం అమెరికా ప్రయాణ విశేషాలు పది నిమిషాలు చెప్పమన్నారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి వచ్చినవారు మనలో చాలామందే ఉన్నారు కనుక నయాగరా జలపాతం సంగతి చెప్పి విసిగించను. అక్కడ నేను గడిపిన ఒక్క రోజు సంగతి చెప్పి ముగిస్తాను.

నేను 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. మొదటి ఏడేళ్లు టప్పాల సీటు. ఉదయం వచ్చిన కాగితాల మీద తేదీ ముద్ర వేయడం, ఇన్‌వర్డు నంబరు ఇవ్వడం, సాయంత్రం డెస్పాచ్ చేయడం. సెలవులంటే నాకు మహా పిసినారితనం. ఏటా పదిహేను రోజుల ఆర్జిత సెలవు సరెండర్ చేసి డబ్బు తీసుకునేవాణ్ణి. రిటైరైన నాడు నా ఖాతాలో 300 రోజులూ నిలవున్నాయి. అందుకు నన్ను సన్మాన సభలో పొగిడారు కూడా.

మా అబ్బాయి ఆరిగన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ నగరం పక్కన హిల్స్‌బరోలో ఉంటాడు. 2023 వేసవిలో నేనూ మా ఆవిడా అక్కడున్నాం. జూన్ 22వ తేదీ రాత్రి భోజనాల దగ్గర వాడు, "నాన్నా, రేపు సెలవు పెట్టాను. లెటర్‌బాక్సింగ్‌కి వెళ్దాం" అన్నాడు. ఉత్తరాలు పోస్టు చేయడానికి సెలవెందుకురా అన్నాను. పదేళ్ల మనవరాలు పడీ పడీ నవ్వింది.

సంగతేమిటంటే, ఇదొక ఆట. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ అనే బీడు కొండల్లో పుట్టింది. 1854లో జేమ్స్ పెరట్ అనే ఆయన, యాత్రికులకు దారి చూపించే వృత్తి ఆయనది, క్రాన్మియర్ పూల్ అనే మారుమూల చోట ఒక సీసా ఉంచాడు. అంత దూరం నడిచి వచ్చినవారు తమ కార్డు అందులో వేసి వెళ్లేవారు. తర్వాత కొందరు తమ చిరునామా రాసిన పోస్టు కార్డులు పెట్టసాగారు. ఆ తర్వాత వచ్చినవారు వాటిని తీసుకువెళ్లి పోస్టు చేసేవారు. ఆ పేరు అలా వచ్చింది. 1998లో స్మిత్‌సోనియన్ పత్రికలో దీని మీద వ్యాసం వచ్చిన తర్వాత అమెరికాలో బాగా వ్యాపించింది.

ఇప్పుడు సీసా బదులు నీరు చొరని చిన్న డబ్బా. అందులో ఒక రబ్బరు ముద్ర, ఒక నోటుపుస్తకం. డబ్బాను దాచినవారు దాని ఆచూకీ పొడుపుకథ లాగానో, దిక్కులూ అడుగుల లెక్కగానో రాసిపెడతారు. వెతికేవారు సొంత ముద్ర, ఇంకు ప్యాడు, పుస్తకం వెంట తీసుకువెళ్లాలి. డబ్బా దొరికితే అందులోని ముద్ర మన పుస్తకంలో, మన ముద్ర అందులోని పుస్తకంలో వేసి, తేదీ రాసి, మళ్లీ ఎలా ఉన్నది అలా దాచేయాలి. బహుమతి లేదు, పోటీ లేదు. మిత్రులారా, గమనించారా? ఇన్‌వర్డూ డెస్పాచ్చే!

అయితే నాకు సొంత ముద్ర లేదు. పెన్సిలు గీతలు చెరిపే పెద్ద రబ్బరు ముక్క మీద మనవరాలు నాచేత "తాత" అని రాయించుకుని, వాళ్ల నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని చెక్కింది. కాగితం మీద ఒత్తితే అక్షరాలు తిరగబడ్డాయి. పిల్ల ముఖం చిన్నబోయింది. అప్పుడు నా అనుభవం అక్కరకొచ్చింది. పల్చటి కాగితం మీద రాసి, బోర్లించి, వెనకవైపు కనిపించే గీతల ప్రకారం చెక్కాలని చూపించాను. రెండోసారి చక్కగా వచ్చింది. తెలుగు రాయడానికి కూర్చోబెడితే పారిపోయే పిల్ల ఆ రాత్రి రెండక్షరాలు తిరగేసి కూడా నేర్చుకుంది.

మర్నాడు నలుగురం రైలెక్కాం. వాషింగ్టన్ పార్కు స్టేషను భూమికి 260 అడుగుల లోతున ఉంది. లిఫ్టులో పైకి వచ్చి హోయ్ట్ ఆర్బొరేటం అనే వృక్షవనానికి నడిచాం. 1928లో ఏర్పాటైన ఈ వనం 190 ఎకరాలు. దేశదేశాల చెట్లు తెచ్చి పెంచారు. పేరు పలకలు ఉన్నాయి కనుక నాకు ఫైళ్ల ర్యాకుల మధ్య తిరిగినట్టే ఉంది.

ఒక మాను మొదట నిలబడి తూర్పుకు నలభై అడుగులు వేయాలని మాకు దొరికిన ఆచూకీ. అడుగంటే ఎవరి అడుగు? సర్వే శాఖలో చేసినవారికి ఈ సందేహం వెంటనే వచ్చేది. అబ్బాయి నలభై ఒకచోట, పిల్ల నలభై ఒకచోట, చేతికర్రతో నా నలభై మరొకచోట తేలాయి. అరగంట వెతికాం. బల్ల మీద కూర్చున్న మా ఆవిడ, "ఏమండీ, ఆ పడిపోయిన దుంగ కింద బెరడు ముక్కలు ఎవరో సర్దినట్టున్నాయి" అంది. పోపుల డబ్బాలో డబ్బు దాచిన చెయ్యి కదా, దాచిన చోటు ఇట్టే పసిగట్టింది. డబ్బా అక్కడే ఉంది!

లోపలి పుస్తకం తిరగేశాను. ఏయే ఊళ్ల నుంచో వచ్చినవారి ముద్రలు, తేదీలు. మనవరాలు ఇంకు ప్యాడు పట్టుకుంది. నేను "తాత" ముద్ర వేసి, కింద కాకినాడ, 23-6-2023 అని తెలుగులో రాశాను. ముప్పై ఆరేళ్లలో ఎన్ని వేల ముద్రలు వేశానో లెక్కలేదు. అవన్నీ ఆఫీసువి. నాదంటూ వేసిన మొదటి ముద్ర అదే.

మధ్యాహ్నం గులాబీ తోట చూశాం. 1917 నాటిది, పది వేలకు పైగా మొక్కలు. మా ఆవిడను కదిలించడం కష్టమైంది. ఆ తర్వాత ఊళ్లోకి వెళ్లి మిల్ ఎండ్స్ పార్కు చూశాం. నవ్వకండి, దాని వెడల్పు రెండడుగులు! రోడ్డు మధ్య దీపస్తంభం కోసం తవ్విన గుంటలో స్తంభం రాకపోతే డిక్ ఫాగన్ అనే పత్రికా రచయిత పూల మొక్కలు నాటాడు. 1976లో నగరం దాన్ని అధికారికంగా పార్కు చేసింది. ప్రపంచంలో అతి చిన్న పార్కన్న గిన్నిస్ రికార్డు చాలాకాలం దానిదే, 2025లో జపాను పార్కుకు పోయింది. ఏటి ఒడ్డున వెతికిన రెండో డబ్బా మాత్రం దొరకలేదు. ఫైలు ట్రేస్ కాలేదని రాసుకుని వెనక్కి తిరిగాం.

రైల్లో పిల్ల నా భుజం మీద నిద్రపోయింది. అప్పుడు మా అబ్బాయి నెమ్మదిగా, "నాన్నా, కోరంగి గుర్తుందా?" అన్నాడు.

గుర్తు లేకేం? 1989లో వాడు ఏడో తరగతి. మాస్టారు మడ అడవుల పాఠం చెప్పారని, ఒక్క రోజు కోరంగి తీసుకువెళ్లమని అడిగాడు. మార్చి నెల, బిల్లుల హడావుడి అన్నాను. ఆ తర్వాత ఆడిట్ అన్నాను. ఆ ఏడు కూడా పదిహేను రోజులు సరెండర్ చేశాను. ఆ డబ్బు వాడి ఫీజులకే పోయింది, అది నిజమే. కానీ కాకినాడ నుంచి కోరంగి గంట ప్రయాణం కూడా కాదు. వాడు మళ్లీ అడగలేదు. వాడు మరిచిపోయాడనుకుని నేను ఊరుకున్నాను.

"గుర్తుందిరా" అన్నాను. "ఇవాళ సెలవు పెట్టాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను నాన్నా" అన్నాడు. అంతకుమించి ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. వాడి మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

2024 డిసెంబరులో వాళ్లు ఇక్కడికి వచ్చినప్పుడు కోరంగి వెళ్లాం. మడ చెట్ల మధ్య చెక్కల బాట మీద వాడు ముందు, మనవరాలు వెనక, నేను కర్రతో మధ్యలో నడిచాం. ముప్పై అయిదేళ్ల పెండింగు కాగితం అలా పరిష్కారమైంది. ఆలస్యానికి సంజాయిషీ ఏమి రాయాలో ఇప్పటికీ తెలియదు.

ఈ సభలో ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు కొందరున్నారు. నాయనలారా, సెలవు డబ్బు చేసుకోవద్దని నేను అనను, సంసారాలకు అవసరాలుంటాయి. పదిహేనులో ఒక్క రోజు మాత్రం ఇంట్లోవాళ్లకు ఉంచండి.

చివరగా ఒక ప్రతిపాదన. మన ఊళ్లో పార్కులో మూత బిగించిన డబ్బా కనిపిస్తే ముందు పోలీసులు వస్తారు. అక్కడైనా స్థలం వారి అనుమతితోనే పెట్టాలంటారు. అందుకని కార్యదర్శిగారి అనుమతితో మన సంఘ భవనంలోనే ఒక డబ్బా దాచాను. ఎక్కడో చెప్పను. మనవలను తీసుకుని రండి, వెతకండి. అందులో ముద్ర, పుస్తకం ఉన్నాయి. మొదటి పేజీలో "తాత" అన్న ముద్ర ఒక్కటే ఉంది. తక్కిన పేజీలన్నీ మీకోసం ఖాళీగా ఉంచాను.