ఛాతీ కొలిచారు, డ్యూటీ గంటలు కొలవలేదు

(విశ్వవిద్యాలయ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక గేటు దగ్గర సెక్యూరిటీ అన్న మన ఐడీ కార్డులు చూశాడు. ఆయన పేరు మనలో ఎంతమందికి తెలుసు? నాకూ తెలియదు. సెక్యూరిటీ గార్డు కూతురినై ఉండి కూడా నేను అడగలేదు. ఆ సిగ్గుతోనే మొదలుపెడుతున్నాను.

మా నాన్న హైదరాబాదులో ఒక ఏటీఎం దగ్గర నైట్ డ్యూటీ చేసేవాడు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా. రిలీవర్ రాకపోతే ఆ పగలంతా కూడా ఆయనదే. యూనిఫాం డబ్బులు మొదటి జీతంలోనే పట్టుకున్నారు. ఒక రాత్రి అలారం మోగింది. మోగితే ముందు ఎవరికి ఫోన్ చేయాలో ఆయనకెవరూ చెప్పలేదు. ఎలుక తీగ కొరికిందని తర్వాత తేలింది. కానీ ఆలస్యం చేశాడని తెల్లారేసరికి నాన్నను పనిలోంచి తీసేశారు.

నేర్పాలని చట్టంలో లేదా? ఉంది. 2005లో పార్లమెంటు ప్రైవేటు భద్రతా ఏజెన్సీల నియంత్రణ చట్టం చేసింది. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడపకూడదు. కేంద్ర నమూనా నియమాల ప్రకారం గార్డుకు 100 గంటలు తరగతిలో, 60 గంటలు క్షేత్రంలో శిక్షణ ఇవ్వాలి. అలారం పరికరాల వాడకం కూడా ఆ పాఠాల్లో ఉంది. మగ గార్డు ఎత్తు 160 సెంటీమీటర్లు, ఛాతీ 80 సెంటీమీటర్లు ఉండాలి. నాన్నకు ఛాతీ కొలిచారు. పాఠం మాత్రం చెప్పలేదు.

మరి జీతం, పని గంటలు? కనీస వేతనాలు, పీఎఫ్, గ్రాట్యుటీ వంటి కార్మిక చట్టాల పేర్లు ఈ చట్టం చివర షెడ్యూలులో ఉన్నాయి. వాటిని ఉల్లంఘిస్తే లైసెన్సు రద్దు 'చేయవచ్చు' అంటుంది చట్టం, 'చేయాలి' అనదు. పైగా లైసెన్సు చూసేది హోంశాఖ, జీతం చూసేది కార్మిక శాఖ. రెండు ఆఫీసుల మధ్య గార్డు నిలబడి ఉంటాడు, కుర్చీ కూడా లేకుండా.

కావలి పని మన జనానికి కొత్తది కాదు. మహారాష్ట్రలో మహర్ వతన్ పేరుతో ఊరి కాపలా, కబురు మోయడం వంశపారంపర్య చాకిరీగా ఉండేవి. దానికి వేళాపాళా లేదు. బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో దానిపై సవరణ బిల్లు పెట్టారు. కార్మిక సభ్యుడిగా ఉండగా ఆయన తెచ్చిన 1946 ఫ్యాక్టరీల చట్ట సవరణ వారం పనిని 54 గంటల నుంచి 48కి దించింది. పన్నెండు గంటల డ్యూటీని వారానికి ఆరు రోజులు లెక్కేయండి, 72 గంటలు!

వేరే దారి లేకపోలేదు. మహారాష్ట్ర 1981లో గార్డుల ఉపాధి, సంక్షేమాల కోసమే ఒక చట్టం చేసింది. దాని కింద ఏర్పడిన బోర్డుల్లో ప్రభుత్వం, యజమానులు, గార్డుల ప్రతినిధులకు చోటుంది. యజమాని జీతం బోర్డుకు కడితే, బోర్డు గార్డుకు ఇస్తుంది. ఆ చట్టంలో మినహాయింపుల సందులూ ఉన్నాయి. అయినా ప్రమాణాలు రాసే బల్ల దగ్గర గార్డుకు కుర్చీ వేయవచ్చని అది చూపించింది.

కాబట్టి పని మన గేటు దగ్గరే మొదలుపెడదాం. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించాలన్నది 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం నాటి సూత్రం. ఇక్కడ ప్రధాన యజమాని విశ్వవిద్యాలయమే. టెండరులో ఎనిమిది గంటల షిఫ్టు రాశారా? పే స్లిప్పు, పీఎఫ్ ఇస్తున్నారా? శిక్షణ ధ్రువపత్రం ఎవరు తనిఖీ చేశారు? అందరికంటే తక్కువ ధర కోట్ చేసిన ఏజెన్సీ ఆ తగ్గింపును ఎవరి జీతంలోంచి తీస్తోంది? సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెడితే ఇవన్నీ అడగొచ్చు.

బయటికి వెళ్తూ నేను ఆ అన్న పేరు అడుగుతాను. మీరు ఆయన డ్యూటీ ఎన్ని గంటలో అడగండి.

జై భీమ్.