హామీ వడ్డీ, హామీ లేని వాన: దత్తమండలాల్లో పెట్టుబడి, భూమి, కూలి

కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయాన్ని నిలబెట్టడానికి జీవితాన్ని ధారపోసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికి విషయం, ఈ మెట్ట నేల మీద పెట్టుబడి నడిచిన తీరు. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీకి దక్కడం, పాలెగాళ్ల అణచివేత, 1839లో కర్నూలు నవాబు పాలన ముగియడం సభకు తెలిసినవే. పొలం పొలానికీ శిస్తు కట్టి, దాన్ని రైతు నుంచి నేరుగా నగదుగా వసూలు చేసే రైత్వారీ పద్ధతికి ఆద్యుడైన మన్రోయే, ఆ శిస్తు బరువైందని గ్రహించి 1807లో నాలుగో వంతు తగ్గించాలని సిఫారసు చేశాడన్నది ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

అసలు కథ కర్నూలు–కడప కాలువది. సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి సేద్యానికీ పడవలకూ కాలువ తవ్వడానికి పూనుకున్న మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీకి, పది లక్షల పౌండ్ల మూలధనంపై 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. అంటే కాలువకు రాబడి లేకపోయినా లండన్ వాటాదారుకు వడ్డీ అందుతుంది, ఆ లోటును శిస్తుతో నిండే ఖజానా భరిస్తుంది.

కాలువ నష్టపోయింది. రైతు అజ్ఞానం వల్ల, పాత అలవాట్ల వల్ల నీరు తీసుకోలేదని కంపెనీ పక్షం వాదించింది. ఆ మాటనే కొందరు చరిత్రకారులు నేటికీ వల్లిస్తున్నారు. ఈ వాదం నిలవదు. నల్లరేగడిలో జొన్న, పత్తి నేల పట్టి ఉంచుకున్న తేమతోనే పండుతాయి. పదును చూసి గొర్రుతో విత్తి, గుంటక తోలే రైతుకు నీరు నిలిచిన రేగడి ఎద్దు కాలు దిగబడే బురద. మాగాణికి మారాలంటే గట్లు వేయాలి, ఎరువు కావాలి, అదనపు కూలీలు కావాలి, పైగా నీటి తీరువా కట్టాలి. వాన తప్పిన 1876–78లో అదే రైతులు నీటికి ముందుకు వచ్చారంటే, అది అజ్ఞానం కాదు, లెక్క.

ఆ కరువులో భారత ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల కూలిని రోజుకు ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం ప్రాతిపదికకు తగ్గించాడు. దానితో మట్టి మోసే మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది. వాటాదారు హామీ మాత్రం చెక్కుచెదరలేదు. 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కుంది.

సమయాభావం వల్ల తరువాతి దశలను ముక్తసరిగా చెప్పవలసి వస్తున్నది. 1897లో జర్మనీ కృత్రిమ నీలిమందు మార్కెట్‌కు రావడంతో కడప నీలి సాగు క్షీణించింది, వేరుశనగ విస్తరించింది, 1973 భూసంస్కరణల చట్టం వచ్చింది. నేడు కర్నూలు పడమటి పల్లెల కూలీలు గుంటూరు వైపు మిరప, పత్తి కోతలకు సుగ్గికి, అంటే వలస, పోతున్నారు, కడప జిల్లా వారు కువైట్ చేరుతున్నారు.

నాటి వాటాదారుకు ఉన్న హామీ సాగుదారుకు నేటికీ లేదు: వాన తప్పిన ఏడాది నష్టం ఇప్పటికీ కౌలురైతు మీద, కూలీ మీదనే పడుతున్నది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలురైతుకు సాగుదారు హక్కు కార్డు ఇవ్వడానికి భూయజమాని సంతకం అవసరమన్న నిబంధనను తొలగించాలి. పంటనష్ట పరిహారం పంట వేసినవాడికే చేరాలి.