నివాసమునకు నిదర్శనము

ఒక ఊరిలో పుట్టి పెరిగి అక్కడనే సంసారము సాగించుట ఒక సంగతి. తాను ఆ ఊరివాడనని కాగితముపై రుజువు చేయుట వేరొక సంగతి. మొదటిది కాలముతోపాటు తనంత తానే జరిగిపోవును. రెండవదానికి మనము పూనుకొనవలెను. ఉద్యోగమును నివాసముతో ముడిపెట్టిన చోటనెల్ల, ఈ రెండింటి నడుమనున్న ఎడమును దాటలేక, అర్హులైనవారు సైతము అవకాశము పోగొట్టుకొనుచుందురు. దాఖలా చూపుమని అధికారి అడిగినప్పుడు మనమేమి చేయవలెను? నేడు ఈ విషయమును గూర్చి ఆలోచింతము.

హైదరాబాదు పాతబస్తీవారికి ఇది కొత్త చిక్కు కాదు. 1919లో నిజాం ప్రభువు ఫర్మానాతో ముల్కీ నిబంధనలు అమలులోనికి వచ్చినవి. ముల్కు అనగా దేశము. ముల్కీ అనగా ఆ దేశస్థుడు. ముల్కీ కానివానిని ప్రత్యేకమైన అనుమతి లేనిదే సర్కారు కొలువులో చేర్చుకొనరాదు. పుట్టుకచే సంస్థాన ప్రజలైనవారికి చిక్కు లేదు. బయటినుండి వచ్చి స్థిరపడినవారు మాత్రము మూడు విషయములు చూపవలెను. సంస్థానములో కనీసము 15 ఏండ్లు స్థిరనివాస మున్నట్లు ఒకటి. వెనుకటి ఊరికి మరలిపోవు తలంపును విడిచినట్లు రెండు. అట్లు విడిచితినని మేజిస్ట్రేటు ధ్రువీకరించిన ప్రమాణపత్రము మూడు.

ఈ మూడింటి స్వభావమును గమనింతము. ఏండ్లను లెక్కింపవచ్చును, ఇరుగుపొరుగువారు సాక్ష్యము చెప్పగలరు. మనస్సులోని తలంపునకు సాక్షి ఎవరు? అందుచేతనే అచ్చట ప్రమాణము అవసరమైనది. ఇక లెక్కింపదగిన ఏండ్ల సంగతియైనను అంత సుళువు కాదు. 1919లో దరఖాస్తు పెట్టినవాడు 1904 నుండి తన నివాసమును చూపవలెను. ఆ నడుమనే, 1908 సెప్టెంబరు 28న, మూసీకి మహా వరద వచ్చినది. వేల ప్రాణములు పోయినవి. వేల ఇండ్లు నేలమట్టమైనవి. ఇల్లే నిలువని చోట పెట్టెలోని కాగితము నిలుచునా? అట్టి కుటుంబములకు బస్తీ పెద్దల నోటిమాటయే దిక్కు.

అయితే నోటిమాటను కొనవచ్చును, కాగితమును కల్పింపవచ్చును. స్థానికులు కానివారు దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో కొలువులలో చేరుచున్నారను ఫిర్యాదు నానాటికి బలపడినది. 1952లో వరంగల్లున మొదలైన విద్యార్థుల ఆందోళన హైదరాబాదునకు పాకినది. ఆ సెప్టెంబరు 3న, మూసీ దక్షిణపు గట్టున హైకోర్టు చెంతనున్న సిటీ కళాశాల వద్ద పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రాణములు పోయినవి. ఆ కాల్పులపై న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారు విచారణ నడపిరి. ఒక దొంగ సర్టిఫికెట్టు ఒక్క ఉద్యోగమును మాత్రమే అపహరింపదు. నిజమైన సర్టిఫికెట్టు గలవానిని సైతము అనుమానముపాలు చేయును. ఈ పాఠమును మనము మరువరాదు.

తరువాతి చరిత్ర న్యాయస్థానములలోను, శాసనసభలలోను నడచినది. 1957లో పార్లమెంటు చేసిన నివాసార్హత చట్టములో తెలంగాణమునకు సంబంధించిన భాగమును 1969లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. 1972 అక్టోబరులో అదే న్యాయస్థానము పాత ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పినది. 1973లో ఆరు సూత్రముల పథకము వచ్చినది. ముల్కీ నిబంధనలు రద్దయినవి. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు స్థానిక అభ్యర్థియను పదమును స్థిరపరచినది. తెలంగాణ రాష్ట్రమునకు 2018లో వెలువడిన కొత్త ఉత్తర్వులో ఏడు జోన్లు కలవు. పాతబస్తీ చార్మినార్ జోనులోనిది.

నేడు స్థానికతను ప్రధానముగా బడి చదువునుబట్టి తేల్చుదురు. ఒకటి మొదలు ఏడవ తరగతి వరకు ఎక్కువ ఏండ్లు ఏ ప్రాంతమున చదివిరో అదియే వారి స్థానిక ప్రాంతము. బడిలో చదివినవారు స్టడీ సర్టిఫికెట్లనే చూపవలెను. దానికి బదులుగా తహసీల్దారిచ్చిన నివాస పత్రము చెల్లదు. ప్రైవేటుగా చదివినవారికే ఆ పత్రము పనికివచ్చును. గౌలిపురాలోనో, శాలిబండలోనో తాత ముత్తాతలనాటినుండి కాపురమున్న ఇంటి బిడ్డ, బడి సర్టిఫికెట్టు అడిగినచోట ఇంటి కరెంటు బిల్లు చూపినచో అది అబద్ధము కాదు. కాని అడిగిన ప్రశ్నకు జవాబును కాదు. అనేకుల చిక్కు ఇచ్చటనే ఉన్నది.

పాతబస్తీలో చదివి సముద్రములు దాటిన బిడ్డలకును ఈ పరీక్ష తప్పదు. అమెరికాలో ఉద్యోగము నాధారముగా శాశ్వత నివాసము, అనగా గ్రీన్ కార్డు, కోరినవారికి అచ్చటి ఇమ్మిగ్రేషన్ శాఖ ఒక్కొక్కప్పుడు అదనపు సాక్ష్యము కోరుచు లేఖ వ్రాయును. ఆ కాగితములు చాలవరకు ఇచ్చట, తల్లిదండ్రుల ఇంటను, చదివిన బడిలోను, మున్సిపల్ ఆఫీసులోను ఉండును. కావున లేఖ అందుకొన్నది కొడుకైనను, తిరుగవలసినది తండ్రి.

ఆ శాఖవారి పద్ధతిలో సాక్ష్యమునకు మెట్లు కలవు. జన్మదినమునకు మొదట జనన సర్టిఫికెట్టు. అది లేనిచో, లేదని సంబంధిత ఆఫీసు ఇచ్చిన పత్రమును, దానితో బడి రికార్డు వంటి ఇతరాధారమును చూపవలెను. అదియు దొరకనిచో, ఆ జననమును స్వయముగా ఎరిగిన ఇరువురి ప్రమాణపత్రములు. పై మెట్టు ఎందుకు లేదో చెప్పక క్రింది మెట్టుపై నిలుచుట చెల్లదు. ఉర్దూలోగాని, తెలుగులోగాని ఉన్న కాగితమునకు పూర్తి ఇంగ్లీషు అనువాదము, అది సరియైనదని అనువాదకుని ధ్రువీకరణము జతపరుపవలెను. పూర్వానుభవమునకు పాత యజమాని ఉత్తరము కావలెను. అందు వ్రాసినవారి పేరు, హోదా, చిరునామా, చేసిన పని వివరములు ఉండవలెను. గడువు లేఖలోనే ఉండును. అది 12 వారములకు మించదు, పొడిగింపు లేదు. జవాబు ఒకేసారి పంపవలెను. సగము పంపి తక్కినది తరువాత పంపుదమనుకొన్నచో, ఉన్నంతవరకే చూచి తీర్పు చెప్పుదురు.

చార్మినార్ జోనైనను, సముద్రపు ఆవలి దేశమైనను, చేయవలసినది ఒక్కటే. లేఖను నిదానముగా చదివి అందలి ప్రశ్నలను వరుసగా వ్రాసికొనవలెను. ఒక్కొక్క ప్రశ్నకు ఎదురుగా ఒక్కొక్క కాగితమును ఉంచవలెను. కాగితము లేనిచోట అది ఏల లేదో చెప్పవలెను. మన పేర్లలో తేడాలు మెండు: ఒకచోట ఇంటిపేరు ముందు, మరొకచోట వెనుక, ఒక కాగితమున మహమ్మద్, వేరొకదానియందు ఎండీ. ఇట్టి భేదమును అధికారి కనిపెట్టకమునుపే మనము వివరించుట మేలు. కట్టలకొలది కాగితములు పంపినచో బలము పెరుగునను భ్రమ వలదు. అడిగినది ఆ కట్టలో మరుగునపడిపోవును. లేనిదానిని కల్పించుట అన్నిటికంటె చేటు.

అడుగువారికిని బాధ్యత కలదు. తనిఖీ సడలినచో స్థానికుడు నష్టపడును. మితిమీరినచో కాగితము లేని బీదవాడు నష్టపడును. కిరాయి ఇండ్లలో బ్రదికి, బస్తీలు మారిన కుటుంబమునకు దాఖలాలు చెదరిపోవుట సహజము. ఏ కాగితము కావలెనో, ఏ సంవత్సరమునకు కావలెనో, అది లేనిచో వేరేమి చెల్లునో స్పష్టముగా వ్రాసి అడుగుట అధికారి ధర్మము. అడిగినదానికి నిజముగా, నిండుగా, గడువులోగా జవాబిచ్చుట మన ధర్మము.

కావున బిడ్డ బడి మారిననాడే స్టడీ సర్టిఫికెట్టు తీసికొందము. కొలువు విడిచిననాడే అనుభవ పత్రమును అడుగుదము. శిశువు పుట్టిననాడే జననమును నమోదు చేయింతము. ఇండ్లలో బియ్యమునకు, ఉప్పునకు ఒక చోటున్నట్లే ఈ కాగితములకును ఒక చోటుండవలెను. అవి అవసరమగు నాటికి బడి మూతపడవచ్చును, యజమాని మరణింపవచ్చును, మనలను ఎరిగిన పెద్దలు కాలము చేయవచ్చును. అప్పుడు మన పక్షమున పలుకునది ఆ పెట్టెలోని కాగితమే.