బీరువాలో చీరలు - చేతికుట్టు బొంతలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన మిత్రులు డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి వివరంగా చెప్పారు. అంత గంభీరమైన విషయాల తర్వాత సూదీదారం గురించి మాట్లాడమని నన్ను నిలబెట్టడం కార్యదర్శిగారి చమత్కారం. ముప్ఫై ఏళ్ళకు పైగా లెక్కల విభాగంలో ఫైళ్ళకు ట్యాగులు గుచ్చినవాణ్ణి, దారం నాకు బొత్తిగా కొత్త అనడానికి వీల్లేదు. మగవాడికి కుట్టుపని ఏమిటని ముసిముసిగా నవ్వుకుంటున్న మిత్రులకు ఒక్క మనవి: మీరు జీవితమంతా ప్యాంట్లు కుట్టించుకున్నది ఎవరి దగ్గరండీ?

నేను చెప్పబోయేది బొంత గురించి. పాత నేతచీరను పొరలుగా మడిచి చేత్తో కుట్టే బొంత. మన తరంలో దానిమీద పడుకోకుండా పెరిగినవాళ్ళు తక్కువ. బెంగాలులో ఇలాంటిదాన్నే కాంథా అంటారు. అక్కడ పాత చీర అంచుల్లోంచి దారాలు లాగి, వాటితోనే పువ్వులూ లతలూ కుట్టేవారు. మన వాళ్ళు అంత ముచ్చటకు పోలేదు. దొరికిన దారంతో కుట్టారు, చలికి కప్పుకున్నారు. బజారు బ్లాంకెట్లు వచ్చాక బొంత లేనివాళ్ళ దుప్పటి అని చిన్నచూపు కూడా వచ్చింది. నాకైతే ఆ పాలియెస్టరు బ్లాంకెట్ల కింద చెమట పట్టి నిద్ర రాదు. నూలు చెమటను పీల్చుకుంటుంది. ఎన్నేళ్ళు ఉతికితే అంత మెత్తబడుతుంది. కొత్త గుడ్డకు ఆ మెత్తదనం డబ్బు పెట్టినా రాదు.

నేను ఇందులోకి ఎలా వచ్చానో చెప్పాలి. మా ఆవిడ 2019లో కాలం చేసింది. పట్టుచీరలు కూతుళ్ళు, కోడలు పంచుకున్నారు, అది సహజమే. రోజూ కట్టుకున్న మంగళగిరి, నారాయణపేట నేతచీరలు మాత్రం బీరువాలో మిగిలిపోయాయి. ఇచ్చేద్దామంటే చేతులు రావు. ఉంచుదామంటే ఒకటి రెండు అప్పటికే మడతల దగ్గర పిగిలిపోతున్నాయి. ఇక్కడ కూర్చున్నవారిలో ఇంకెందరి ఇళ్ళలో ఇలాంటి బీరువా ఉందో నేను అడగను. ఒకరోజు మా వదినగారు వచ్చి తలుపు తీసి చూసి, "మరిదిగారూ, వీటికి తాళమెందుకండీ, పురుగుల కోసమా? చాప పరచండి" అన్నారు. ఆమెకు ఎనభై దాటాయి. నాకు కుట్టు నేర్పింది ఆవిడే.

పని ఇలా. చీరకు ఫాల్ ఉంటే విప్పేయాలి. గంజి పోయేదాకా వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయాలి. తర్వాత కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే ఎక్కడ పలచబడిందో తెలిసిపోతుంది. అయిదున్నర మీటర్ల చీరను సగానికి, మళ్ళీ సగానికి మడిస్తే కత్తెర పెట్టకుండానే నాలుగు పొరలు వస్తాయి. సుమారు నాలుగున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు. పిల్లలకు సరిపోతుంది. పెద్దవాళ్ళకు రెండు మూడు చీరలు జతచేయాలి. కొంగు పైకి, చిరుగులు లోపలికి వచ్చేలా మడవండి. చాపమీద ముడతలు లేకుండా పరిచి నాలుగు మూలలా బరువులు పెట్టి, ముందు పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేయాలి. ఇది నడిమధ్య నుంచి అంచులవైపుకు సాగాలి. అంచునుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యకు చేరి ఉబ్బుతుంది. ఆ తర్వాతే అసలు కుట్టు: సూది పైకీ కిందికీ పోయే సాదా కుట్టు, వరుసకూ వరుసకూ మధ్య రెండు వేళ్ళ ఎడం. దారం మూరెడు మించకూడదు, మించితే చిక్కుపడుతుంది. కొవ్వొత్తిమీద ఒకసారి లాగితే ఇంకా సాఫీగా నడుస్తుంది. చివరికి కచ్చా కుట్లు విప్పేస్తే బొంత అయినట్టే.

కళ్ళ సంగతి అడుగుతారు. నాకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆదివారం మనవడు వచ్చినప్పుడు పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి వెళతాడు. వారమంతా గడుస్తుంది. పగటి వెలుతురులో గంట కంటే ఎక్కువ కూర్చోను. చెయ్యి వణికితే కుట్టు వంకర పోతుంది, పోనివ్వండి. వంకర కుట్టు కూడా పొరల్ని పట్టే ఉంచుతుంది.

ఇప్పుడు పసిపిల్లల విషయం. ఇది కాస్త శ్రద్ధగా వినండి. మనవడు పుట్టగానే బొంత తీసుకెళ్ళాలని మనకు ఆత్రం. ఏడాది లోపు బిడ్డ నిద్రపోతున్నప్పుడు బొంతలు, దిండ్లు, వదులు దుప్పట్లు దగ్గర ఉంచవద్దని పిల్లల వైద్యులు చెబుతున్నారు. ముఖంమీద పడితే బిడ్డ తీసుకోలేదు. మెలకువగా ఉన్నప్పుడు, మనం చూస్తుండగా నేలమీద పరిచి ఆడించడానికి వాడండి. బొత్తాలు, పూసలు, అద్దాలు, కుచ్చులు వద్దేవద్దు.

అంతకంటే ముఖ్యం కలరా ఉండలు, అవే నాఫ్తలీన్ గోళీలు. కొందరు పిల్లలకు పుట్టుకతో జి-6-పి-డి అనే ఎంజైము లోపం ఉంటుంది. పైకి కనబడదు. నాఫ్తలీన్ వాసన పట్టిన బట్టల్లో అలాంటి బిడ్డను చుట్టబెడితే ఎర్రరక్తకణాలు చితికిపోయి, కామెర్లు ముదిరి ప్రాణంమీదికి రావచ్చు. అందుచేత ఆ ఉండల మధ్య ఏళ్ళ తరబడి ఉన్న చీరను పసిబిడ్డకు వాడకండి. ఉతికి, ఎండలో ఆరవేసి పెద్దవాళ్ళ బొంతకు వాడుకోండి. బిడ్డ కోసమైతే ఇప్పుడు ఇంట్లో కడుతున్న మెత్తని చీర తీసుకోండి. బీరువాలో ఎండు వేపాకు చాలు.

మిగిలిన ముక్కల్ని పారేయనక్కర్లేదు. దిండు గలేబులు, కూరల సంచులు అవుతాయి. రాళ్ళ ఉప్పు పోసి కుడితే మోకాళ్ళకు కాపడం సంచి తయారు. మధుమేహంవల్ల పాదాలు మొద్దుబారినవారు మాత్రం కాపడం పెట్టుకోవద్దు. కాలినా తెలియదు.

నా మొదటి బొంత మా అబ్బాయి కూతురికి ఇచ్చాను. ఆమె పుట్టింది 2021లో, నానమ్మను చూడనేలేదు. ఇప్పుడు ఆ నారాయణపేట అంచును వేలికి చుట్టుకుంటే గానీ నిద్రపోదట. కోడలు దాన్ని వారం వారం వాషింగ్ మెషీన్‌లో వేస్తుంటే మొదట్లో నాకు గుండె కలుక్కుమనేది. రెండు చోట్ల కుట్టు ఊడింది, మళ్ళీ వేశాను. ఒక మిత్రుడు ఇలాంటి బొంతను అద్దాల చట్రంలో బిగించి గోడకు తగిలించాడు. అది నాకు నచ్చలేదు, ఆయన ఇక్కడే ఉన్నారు, క్షమించాలి. అమెరికాలో పిల్లలున్నవారు పెట్టె బరువు గురించి దిగులు పడనక్కర్లేదు. ఒక్క చీర బొంత అరకిలోకు కాస్త అటూ ఇటూ తూగుతుంది.

ఇంకా ఆరు చీరలు మిగిలి ఉన్నాయి. ఒకటి మాత్రం కుట్టను, అది నాది.

భోజనాల తర్వాత పక్క గదిలో చాప పరిచి ఉంచుతాను. సూదులూ దారమూ నేను తెచ్చాను. కళ్ళజోడు ఎవరిది వారే తెచ్చుకోవాలి. సెలవు.