పాట మొత్తం వినండి



మాకు పది నిమిషాలు ఇచ్చారు. హాస్టల్ వార్డెన్లకు పిల్లల్ని కూర్చోబెట్టి గంటలు మాట్లాడే అలవాటు కదా, అందుకే గడియారం ముందు పెట్టుకున్నాం.

2022లో ఆర్‌ఆర్‌ఆర్ సినిమా వచ్చాక మా ఆడపిల్లల హాస్టల్‌లో ‘కొమురం భీముడో’ తప్ప ఇంకో పాట వినబడలేదు. నల్లా దగ్గర అదే, ప్లేట్లు కడిగే దగ్గర అదే. స్టడీ అవర్‌లో కూనిరాగం తీస్తే కసురుకున్నాం కూడా. సినిమా కథ కల్పన అని, అసలు భీం జోడేఘాట్ గుట్టల్లో పన్నెండు గూడేల భూమి కోసం నిజాం సర్కారుతో కొట్లాడి 1940లో పోలీసు తూటాలకు నేలకొరిగాడని పాఠం చెప్పబోయాం. పిల్లలు నవ్వారు. అది వాళ్ల తాతలు ఎప్పుడో చెప్పేశారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి మాత్రం మేము అనుకోనిది అడిగింది: “మేడం, ఈ పాట రాసినాయన మన దిక్కోడేనా?”

కాదు. రాసింది సుద్దాల అశోక్ తేజ, నల్గొండ దిక్కు. ఆయన తండ్రి సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో పాటలు కట్టి ఊరూరా పాడినాయన. ఆ మాట అనగానే “అయితే నాయన పాట కూడా పెట్టండి” అని పట్టుబట్టారు. ఆఫీసు గదిలో మా ఫోన్ బల్ల మీద పెట్టి ‘పల్లెటూరి పిల్లగాడా’ వినిపించాం. 1980లో వచ్చిన ‘మా భూమి’ సినిమాలో ఆ పాట ఉంది.

“మెల్లగా ఉంది మేడం, బీట్ లేదు” అన్నారు. అదే సినిమాలో ‘బండెనక బండి కట్టి’ కూడా ఉందంటే మొహాలు వెలిగాయి. వార్షికోత్సవంలో దాని డీజే మిక్స్‌కి నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఎగిరారు మరి. ఆ పాట బండి యాదగిరిదని, సినిమాలో పాడుతూ కనిపించేది గద్దర్ అని, దొరలనూ వాళ్ల వెనకున్న నిజాం సర్కారునూ నిలదీసే పాట అని వాళ్లకు తెలియదు. వాళ్లను అనడానికి లేదు. ఆ రోజు చప్పట్లు కొట్టింది మేమే.

హనుమంతు పాటకు వద్దాం. పశువులు కాసే పసివాడిని పలకరించే పాట అది. చలికి ఆగని చొక్కా, కాళ్లకు సరిపడని జోళ్లు అన్నీ చూస్తుంది. లోపలి చరణంలో వాడి జీతం లెక్క వస్తుంది. నెలకు ఇచ్చే గింజల్లో తాలు కలపడం, అదీ తక్కువ కొలవడం. అక్కడ ఒక చిన్నపిల్ల అడిగింది, “జీతగాడు అంటే ఉద్యోగస్తుడా మేడం?”

మేము నోరు తెరిచేలోపే మొదట ప్రశ్న వేసిన ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి చెప్పింది. “కాదే. మా తమ్ముడి లెక్క.”

పదకొండేళ్ల తమ్ముడు. వానాకాలం నుంచి పక్క ఊరి రైతు దగ్గర పశువుల కాడ ఉంటున్నాడు. తల్లికి జబ్బు చేసినప్పుడు తండ్రి తెచ్చిన అప్పు కింద. పేరు మాత్రం బడి రిజిస్టరులో ఉంది. ఆ అమ్మాయి అడ్మిషన్ ఫారం మేమే నింపాం. తోడబుట్టినవాళ్లు ఏం చేస్తున్నారన్న గడి అందులో లేదు. గడి లేదని మేమూ అడగలేదు. టీచర్ ట్రైనింగ్‌లో పిల్లల నేపథ్యం తెలుసుకోవాలని ఎన్నిసార్లు రాసి ఉంటామో!

ఆదివారం గూడెం పెద్దను వెంటబెట్టుకుని వెళ్లాం. అప్పు కింద మనిషిని పెట్టుకోవడం 1976 చట్టం ప్రకారం నేరం, ఆ అప్పే చెల్లదు. ఆ ముక్క రైతుకు చెబితే కాసేపు ఎగిరి తగ్గాడు. తండ్రిని ఒప్పించడమే కష్టమైంది. “బాకీ పోయింది సరే మేడం, వచ్చే ఏడు విత్తనాలకు ఎవరిని అడగాలె?” అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అయినా పిల్లాడిని పంపాడు. జూన్‌లో అబ్బాయిల ఆశ్రమ పాఠశాలలో చేరి, రెండుసార్లు పారిపోయి, మూడోసారికి కుదురుకున్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రీల్‌లో పాట అర నిమిషం వస్తుంది. జీతం లెక్క చెప్పే చరణం దాకా రాదు. పాత పాట ఏది దొరికినా చివరిదాకా వినండి. ఎవరు కట్టారు, ఎవరి మీద కట్టారు అని అడగండి. తెలియని మాట వస్తే ఇంట్లో ముసలివాళ్ల దగ్గరికి పోండి. ఆ తర్వాతి దీపావళికి మా పిల్లలు దండారిలో పర్ధాన్ తాతల పాటలు ఫోన్లలో పట్టుకొచ్చారు. సగం వాటిలో కిక్రి కంటే పక్కన డీజేనే గట్టిగా వినబడుతోంది! ఈసారి పొద్దున్నే వెళ్లమన్నాం. పాడినవారి పేరు, ఊరు, గోండి మాటల అర్థం నోట్‌బుక్‌లో రాయమన్నాం.

ఆ తమ్ముడు సెలవులకు అక్కను తీసుకుపోవడానికి తండ్రితో వస్తుంటాడు. ఒకసారి మా వరండాలో పిల్లలు ఆ పాట పెట్టుకుని ఉన్నారు. రెండో చరణానికే లేచి గేటు బయటికి పోయి నిలబడ్డాడు. అక్క వెళ్లి పక్కన నిలుచుంది. లోపల పిల్లలు పాట ఆపలేదు, కాస్త సౌండ్ తగ్గించారు.