స్మార్ట్ మీటరుతో ఆదా ఎవరికి?

(మండల రైతు సదస్సులో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



స్మార్ట్ మీటర్ల గురించి ఊళ్లల్లో రెండు రకాల మాటలు నడుస్తున్నాయి. ఈ మీటరు పెడితే మీకూ ఆదా, మాకూ ఆదా అని అధికారులు చెబుతున్నారు. పెట్టారంటే కొంప మునిగినట్టేనని మనవాళ్లు కొందరు అంటున్నారు. ఇవాళ మేం నినాదాలు ఇవ్వడానికి రాలేదు. కాగితం మీద లెక్క వేసి చూద్దామని వచ్చాం.

మీటరంటే కాటా లాంటిది. కాటా మార్చినంత మాత్రాన బస్తాలో ధాన్యం పెరగదు, తగ్గదు. కానీ ఆ కాటా ఖరీదు ఎవరు కట్టారు, తూకం ఎవరికి పనికొస్తుంది అన్నది తేల్చుకోవాల్సిన విషయమే.

ముందు డిస్కంల సంగతి. 2021లో కేంద్రం ఆర్‌డీఎస్‌ఎస్ అనే పథకం తెచ్చింది. మొత్తం 3,03,758 కోట్ల రూపాయలు. 2025 మార్చి నాటికి దేశంలో 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెడతామన్నారు. గడువు దాటిపోయింది, లక్ష్యం దరిదాపుల్లోకి కూడా రాలేదు. మనలాంటి రాష్ట్రాల్లో ఒక్కో మీటరుకు కేంద్రం ఇచ్చేది ఖర్చులో 15 శాతం, అదీ 900 రూపాయలకు మించకుండా. మిగిలింది ప్రైవేటు కంపెనీ పెట్టుబడి పెడుతుంది. దానికి డిస్కం మీటరుకు ఇంత అని నెలనెలా, 93 నెలల పాటు కడుతుంది. "మీ దగ్గర పైసా తీసుకోం" అనేది ఇందుకే. చేతికి తీసుకోరు. డిస్కం కట్టేదంతా వార్షిక ఆదాయ అవసరాల లెక్కలో ఖర్చుగా ఎక్కుతుంది. అక్కడి నుంచి టారిఫ్‌లోకో, సర్దుబాటు ఛార్జీలోకో వస్తుంది.

డిస్కంకు ఆదా లేదని మేం అనం. రీడింగ్ తీసే మనిషి ఖర్చు తప్పుతుంది. బకాయి ఉంటే స్తంభం ఎక్కకుండానే ఆఫీసులో కూర్చుని సప్లై తీసేయొచ్చు. ప్రీపెయిడ్ అయితే మన డబ్బు ముందే వాళ్ల చేతిలో పడుతుంది. ఏ లైను మీద ఎంత లోడు పడుతుందో గంటగంటకూ తెలుస్తుంది. ఇవన్నీ నిజమైన లాభాలే. ఫ్యాక్టరీలకు, పెద్ద పెద్ద దుకాణాలకు ఇలాంటి మీటర్లు అవసరమే.

మరి మన ఇంటికి? నెలకు వంద యూనిట్లు కాల్చే ఇల్లు తీసుకుందాం. 900 రూపాయలంటే 15 శాతం అన్నారు కాబట్టి మీటరు ఖర్చు 6,000గా పెట్టుకుందాం. కేంద్రం వాటా తీసేస్తే 5,100. దాన్ని 93 నెలలకు పంచితే, వడ్డీ వేయకుండానే నెలకు దాదాపు 55 రూపాయలు. ఇక ఆదా ఎంత? మీటరు చూసుకుంటూ జనం పొదుపు చేస్తారని వాదించే బ్రిటన్ ప్రభుత్వం కూడా కరెంటు వాడకం సుమారు 3 శాతమే తగ్గుతుందని అంచనా వేసింది. అక్కడ ఎంత కాలుతోందో చూపించే చిన్న తెరను ఇంట్లో విడిగా పెడతారు. మనకు ఫోన్‌లో యాప్ చూసుకోమంటున్నారు. సరే, ఆ 3 శాతమే వేసుకుందాం. వందలో మూడు యూనిట్లు. మన రాష్ట్ర టారిఫ్‌లో 76 నుంచి 125 యూనిట్ల మధ్య యూనిట్ 4.50 రూపాయలు. అంటే 13.50 రూపాయలు.

ఖర్చు 55, ఆదా 13.50. రీడింగ్ ఖర్చు మిగులుతుంది కదా అని అడగొచ్చు. తేడా 41 రూపాయలకు పైనే ఉంది. రీడరు రోజుకు వంద ఇళ్లు తిరిగాడనుకున్నా, ఆ లెక్కన అతనికి రోజుకు 4,000 రూపాయలు ఇస్తున్నట్టు. స్పాట్ బిల్లింగ్ కుర్రాళ్లు మన ఊళ్లల్లోనే ఉన్నారు. ఎంత ఇస్తున్నారో వాళ్లనే అడగండి.

ఈ లెక్క జర్మనీ వాళ్లు ముందే వేసుకున్నారు. 2013లో అక్కడి ప్రభుత్వం చేయించిన అధ్యయనంలో చిన్న వాడకందార్లకు లాభం కన్నా ఖర్చే ఎక్కువని తేలింది. అందుకని 2016లో చట్టం చేసినప్పుడు, మామూలు ఇళ్లలో ఏడాదికి 6,000 యూనిట్లు దాటి కాల్చేవాళ్లకే తప్పనిసరి చేశారు. అంటే నెలకు 500 యూనిట్లు. మన సభలో అంత కాల్చే ఇల్లున్న వాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి!

వేళను బట్టి రేటు అనేది ఇంకొకటి ఉంది. కేంద్రం 2023 జూన్‌లో నిబంధనలు సవరించింది. ఎండ ఉన్న వేళల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ, ఎక్కువ వాడకం ఉండే వేళల్లో ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలంది. స్మార్ట్ మీటరు పెట్టగానే ఇది అమలు చేయాలని అందులో ఉంది. వ్యవసాయాన్ని మినహాయించారు. ఇళ్లను మినహాయించలేదు. పగలు పొలంలో ఉండి, పొద్దుగూకాక ఇంటికొచ్చి స్విచ్చి వేసే మనకు ఇందులో ఏ పక్క లాభమో వేరే చెప్పక్కర్లేదు.

ప్రీపెయిడ్ విషయంలో చట్టం ఏమంటుందో తెలుసుకుందాం. విద్యుత్ చట్టం 2003లో 56వ సెక్షన్ ప్రకారం బకాయికి సప్లై తీయాలంటే 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ప్రీపెయిడ్‌లో డబ్బు అయిపోగానే సప్లై పోతే ఆ రక్షణ ఏమైనట్టు? అదే చట్టంలో 47వ సెక్షన్, ప్రీపెయిడ్ మీటరుకు సిద్ధపడిన వాళ్ల దగ్గర డిపాజిట్ తీసుకోకూడదంటుంది. సిద్ధపడటం అన్నారంటే, అది మన ఇష్టమనే కదా అర్థం. ఇక ఆఫీసు నుంచి సప్లై తీసే సౌకర్యం ఎలా ఉంటుందో ఉత్తరప్రదేశ్ చూసింది. 2020 ఆగస్టు 12న, కృష్ణాష్టమి సాయంత్రం, ఒక తప్పుడు ఆదేశంతో లక్షన్నరకు పైగా ఇళ్లు ఒక్కసారిగా చీకటైపోయాయి. బకాయి లేనివాళ్లు కూడా అందులో ఉన్నారు.

ఇప్పుడు పొలం దగ్గరికి వద్దాం. 2000 ఆగస్టులో బషీర్‌బాగ్‌లో ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్న ఉద్యమం వెనకాల ఉంది కాబట్టే 2004లో ఉచిత విద్యుత్ వచ్చింది. 2020 సెప్టెంబరు 1న జీవో 22 ఇచ్చి పంపుసెట్లకు మీటర్లు, నగదు బదిలీ అన్నారు. శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టారు. దాని వెనక ఉన్నది అప్పు. విద్యుత్ సంస్కరణలు చేసే రాష్ట్రాలకు 2021-22 నుంచి నాలుగేళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో అర శాతం అదనంగా అప్పు తెచ్చుకోనిచ్చారు. తెలంగాణ ప్రభుత్వం అప్పట్లో ఆ అప్పు వద్దు, పంపుసెట్లకు మీటర్లు పెట్టం అంది.

శ్రీకాకుళంలో ఏడాదికి 3 కోట్ల 30 లక్షలకు పైగా యూనిట్లు ఆదా అయ్యాయని, అంటే మూడో వంతు మిగిలిందని 2022లో ప్రకటించారు. బిల్లే కట్టని రైతు మీటరును చూసి మోటారు కట్టేస్తాడా? మీటరు లేనప్పుడు పంపుసెట్ల వాడకం అంచనా. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లు చూసి మిగతావాటికి లెక్కగట్టేది. మీటరు పెట్టాక వచ్చింది కొలత. అంచనాలోంచి కొలత తీసేస్తే వచ్చే తేడాను ఆదా అనరు. ఇన్నాళ్లూ లైన్లలో పోయిన కరెంటును, దొంగ కరెంటును రైతు పద్దులో ఎంత రాశారు అన్నదే అసలు ప్రశ్న. అది తేలాల్సిందేనని మనమూ అంటున్నాం. దానికి ప్రతి బోరుకూ మీటరెందుకు? ట్రాన్స్‌ఫార్మరుకు ఒకటి పెడితే చాలు. పది పదిహేను మోటార్ల లెక్క ఒక్క మీటరులో తెలుస్తుంది.

నగదు బదిలీ అంటే కౌలు రైతు సంగతి ఎవరూ చెప్పరు. కనెక్షన్ ఆసామి పేరు మీద, ఖాతా ఆసామిది, నీళ్లు పెట్టేది కౌలుదారు. డబ్బు ఆలస్యమైతే ఎవరి మోటారు ఆగుతుంది? వంటగ్యాస్ సబ్సిడీ ఖాతాలో వేస్తామని మొదలుపెట్టి ఎక్కడిదాకా తెచ్చారో మన ఆడవాళ్లను అడగండి.

పొలంలో నిజంగా కరెంటు మిగిల్చే పనులు ఉచిత విద్యుత్ ఇచ్చిన కొత్తలో ప్రభుత్వమే చెప్పింది. కెపాసిటర్, ఐఎస్‌ఐ మార్కు మోటారు, మంచి ఫుట్ వాల్వ్, సరైన పైపు. కెపాసిటర్ ఉంటే లైను మీద భారం తగ్గుతుంది, వోల్టేజీ నిలబడుతుంది. ఇప్పుడేమో సప్లై రాగానే ఆటో స్టార్టర్లతో అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. మళ్లీ మనమే చందాలు వేసుకుని ట్రాక్టరు మాట్లాడుకుని దాన్ని మోసుకెళ్లాలి. ఇందులో మన పని కూడా ఉంది. కెపాసిటర్ తీసి పక్కన పడేసిన వాళ్లు ఈ వారమే బిగించండి. మీటరు మీద పెట్టే డబ్బులో కొంత కెపాసిటర్ల మీద పెట్టమని డిస్కంను అడుగుదాం.

ప్రజల ఆమోదం లేకుండా ఇళ్లకు పెట్టబోమని మన ఇంధన మంత్రి 2025లో ప్రకటించారు. ఆ మాట పట్టుకోండి. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, వేలిముద్ర వేయొద్దు. ఇప్పటికే పెట్టేసి ఉంటే, పాత బిల్లులు ఆరు నెలలవి దాచండి. బిల్లు మీద అనుమానం వస్తే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 2024లో వచ్చిన నిబంధన ప్రకారం ఐదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు రెండూ సరిచూడాలి. ఆ ఫిర్యాదు నకలు మండల కమిటీకి ఇవ్వండి.

డిస్కంలు ఏటా తమ లెక్కలు విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి. వాటి మీద అభ్యంతరం చెప్పే హక్కు ప్రతి వినియోగదారుడికీ ఉంది. స్మార్ట్ మీటర్లకు నెలనెలా కడుతున్న డబ్బెంత, రీడింగ్ ఖర్చులో తగ్గిందెంత, ఆ తగ్గింది టారిఫ్‌లో ఎక్కడ చూపించారు అని మూడు ప్రశ్నలతో సంఘం ఒక ఉత్తరం తయారు చేసింది. నకళ్లు వెనక బల్ల మీద ఉన్నాయి. సర్వీసు నంబరు వేసి, సంతకం చేసి ఇచ్చి వెళ్లండి.