పరమతము అసత్యమా?

(హనుమకొండ పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



ఒక మతమును మనసార విశ్వసించువాడు తక్కిన మతములన్నియు నసత్యములని యెంచి తీరవలెనా యను ప్రశ్నకు మన పట్టణములలో రెండు సిద్ధోత్తరములు ప్రచారములో నున్నవి. కొందరు "ఔను, మాదొక్కటియే సత్యము, తక్కినదంతయు భ్రాంతి" యందురు. మరికొందరు "మతములన్నియు నొక్కటే, భేదమే లేదు" అని సభలో కరతాళధ్వనుల నందుకొని యింటికి పోవుదురు. మొదటి యుత్తరమువలని హాని మనమెరిగినదే. రెండవదానియందు మాకు గల సంశయమును ముందుగా విన్నవించెదము. ఏలయన, దానినెవ్వరును పరీక్షింపరు.

వేదాంతులును, బౌద్ధులును, జైనులును పునర్జన్మము కలదందురు. ముస్లిములును క్రైస్తవులును జన్మమొక్కటే, పిమ్మట తీర్పుదినమందురు. లోకమునకు కర్తయగు నీశ్వరుడు కలడని మనలో పెక్కుమంది నమ్మకము. అట్టి కర్త లేడని జైనుల సిద్ధాంతము. ఈ మాటలు రెండును ఒకే యర్థమున నిజములు కానేరవు. ఒకదానిని నమ్మినవాడు ఆ యంశమున రెండవదానిని కాదన్నవాడే. దీనిని కప్పిపుచ్చుట మర్యాద కావచ్చును గాని సత్యము కాదు. పైగా, "మీదియు మాదియు నొక్కటే" యన్నప్పుడు, ఎదుటివాడు ప్రాణమువలె చూచుకొను భేదమును మనము లెక్కకు తీసికొననైతిమి. అది గౌరవమెట్లగును?

అట్లయినచో మొదటివారే గెలిచిరా? గెలువలేదు. మా వృత్తిలో నిత్యము చూచునదొకటి చెప్పెదము. ఒక దావాలో పది విచారణాంశములుండును. అందొకదానిపై ప్రతివాది మాట చెల్లకపోయినంత మాత్రమున అతని దస్తావేజులన్నియు కూటసృష్టులని యే న్యాయాధిపతియు తీర్పు చెప్పడు. మతమనునది ఒక్క వాక్యము కాదు. అందు సిద్ధాంతము కలదు, నడవడి కలదు, ఉపవాసము, దానము, పండుగ, తాతతండ్రుల జ్ఞాపకము కలవు. సిద్ధాంతమున పొరపాటున్నదని తోచినవాడు ఆ మతస్థుల దానధర్మములనుండి నేర్చుకొనవచ్చును. ఇక పండుగ నసత్యమనుటకు అర్థమే కనబడదు.

ఇందుకు సాక్ష్యము వెదకుచు దూరము పోనక్కరలేదు. మన పద్మాక్షిగుట్టపై 1117లో, రెండవ ప్రోలరాజు కాలమున, ఆయన మంత్రియగు బేతని భార్య మైలమ కడలాలయ బసదియను జైనాలయమును కట్టించినట్లు అచ్చటి శాసనము చెప్పుచున్నది. నేడది అమ్మవారి గుడి. జైన తీర్థంకరుల శిల్పములు ఇప్పటికిని అచ్చటనే యున్నవి. సద్దుల బతుకమ్మనాడు ఆ గుట్ట దిగువ నీటిలో పూలను విడుచు ఆడపడుచులు ఆ రాతిబొమ్మలు ఎవరివని విచారింపరు. దీనిని సామరస్యమని పొగడువారు కలరు. పొగడవచ్చును గాని, ఆ బసదిలో పూజలు చేసిన జైనులేమైరని కూడ నొకసారి యడుగవలెను. ఒకరి గుడి మరియొకరి గుడిగా మారుట యెల్లప్పుడును స్నేహముననే జరిగినదని మేము ప్రమాణము చేయజాలము.

ఆ జైనుల దర్శనమే మన ప్రశ్నకు మిక్కిలి సూక్ష్మమైన సమాధానము నిచ్చినది. ఏ మాటయైనను ఒక దృష్టినుండి మాత్రమే సత్యము. కావున "స్యాత్", అనగా "ఒక విధముగా" నను పదమును చేర్చి పలుకవలెనని వారి స్యాద్వాదము. ఇంతకంటె ఉదారమైన మతమేది? అయినను ఆ స్యాద్వాదము సైతము ఒకదానిని తప్పనక విడువలేదు. తన దృష్టియే సమస్తమని పట్టుబట్టు ఏకాంతవాదము వారికి దోషము. కాదనుట బొత్తిగా లేని మతము మాకింతవరకు కనబడలేదు.

1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభముల గుడిలో శివునకు, వాసుదేవునకు, సూర్యునకు మూడు గర్భాలయములున్నవని తరచు ఉదాహరింతురు. అది ఒక యింటిలోని యన్నదమ్ముల యేర్పాటు. దానితో పరమతసమస్య తీరదు.

అంతకంటె పాలకుర్తి, బమ్మెరలు మనకెక్కువ నేర్పును. నేటి జనగామ జిల్లాలో ఇవి ఇరుగుపొరుగు గ్రామములు. పాలకుర్తివాడైన పాల్కురికి సోమనాథుడు శివుని తప్ప అన్యదైవమును సహింపని వీరశైవుడు. అంత కఠినుడైన యాతడే శివభక్తుడైనచో కులమడుగక కాళ్లకు మ్రొక్కెను. జానుతెనుగును, ద్విపదను ఆదరించి సామాన్యుల దరికి వచ్చెను. ఆయన పండితారాధ్య చరిత్రములో వెలనాటి చోడుని కొలువున బౌద్ధాచార్యునితో జరిగిన వాదము కలదు. వాదమున గెలిచినంతతో అది ముగియలేదు. శిష్యులా బౌద్ధాచార్యుని చంపిరి. రాజు పండితారాధ్యుని కన్నులు పెరికించెనని ఆ కావ్యమే చెప్పుచున్నది. బౌద్ధమును అసత్యమని వాదించుటవరకు పండితారాధ్యునకు హక్కు కలదని మేమందుము. కత్తి తీసిన క్షణమున ఆ శిష్యులు మతమును విడిచి మరియొకదానిలోనికి పోయిరి.

రెండు శతాబ్దముల పిమ్మట బమ్మెర పోతన చంద్రగ్రహణమునాడు గంగలో స్నానమాడి మహేశ్వరుని ధ్యానించుచుండగా రాముడు ప్రత్యక్షమై భాగవతమును తెలుగు చేయుమనెనని తానే వ్రాసికొనెను. శివుని ధ్యానించినవానికి రాముడు కనబడుట! పోతన శివుని విడువలేదు; రాముని కాదనలేదు. అట్లని ఎల్లవారును పోతనలు కావలెనని శాసింపలేము. సోమనాథునివంటి ఏకాగ్రభక్తునకును ఈ దేశమున చోటుండవలెను.

ఒక చేదుమాట చెప్పక తప్పదు. 1323లో ఢిల్లీసేనలు ఓరుగల్లును గైకొనిన పిమ్మట కోటనడుమ స్వయంభూదేవాలయము నేలగూలెను. నాలుగు కీర్తితోరణములు మిగిలినవి. కూల్చినది పరమతము అసత్యమను నమ్మకమా? స్వయంభూదేవుడు కాకతీయుల రాజ్యాధికారమునకు గురుతు. శత్రురాజు గురుతును చెరుపుట ఆనాటి విజేతల రాజనీతి. అయినను విజేతల మతమా పనికి అడ్డుపడలేదను మాటయు నిజమే. వెలనాటి కథలో శిష్యుల చేతిలో కత్తి, ఓరుగంటిలో సుల్తాను చేతిలో సైన్యము. రెండుచోట్లను అభిప్రాయమునకు బలము తోడైనది.

మన చట్టము ఈ సరిహద్దునే గీచినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 25వ అధికరణము మతమును అవలంబించుటకే గాక ప్రచారము చేయుటకును హక్కు నిచ్చినది. ప్రచారమనగా, నీదానికంటె నాది మేలని చెప్పుటయే కదా! 1927లో పాత శిక్షాస్మృతిలో చేర్చబడి, 2024 జులై 1 నుండి భారతీయ న్యాయసంహితలో 299వ సెక్షనుగా నున్న నిబంధన, బుద్ధిపూర్వకముగా, ద్వేషముతో మతభావములను గాయపరచు అవమానమును శిక్షించును. నీ సిద్ధాంతము తప్పని మర్యాదగా వాదించుట నేరము కాదు.

తన సత్యమును వదలుకొనకయే పరుని సత్యమునకు చోటిచ్చుట సాధ్యమేనా యని యడుగువారు 1965 నాటి రోమను కథోలిక సంఘపు ప్రకటనను చూడవలెను. క్రీస్తునందలి విశ్వాసమును అణుమాత్రము సడలింపకయే, ఇతర మతములలో సత్యము, పవిత్రము నైన దేనిని తాము నిరాకరింపమని వారు చాటిరి. మనవారిలో చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెలుగు చేసిరి, ముస్లిము కాలేదు. ఖండించుటకై అనువదించువారును లోకమున కలరు గాని, ఆయన శ్రమ ఆ జాతిది కాదు.

కాజీపేటలో అఫ్జల్ బియాబానీగారి దర్గా కలదు. ఆయన 1856లో గతించిరి. నాటినుండి ఉర్సునకు ముస్లిములతోపాటు హిందువులును పోవుచున్నారు. అట్లు పోవు హిందువును మతభ్రష్టుడనియు, రానిచ్చు ముస్లిమును తౌహీదు తప్పినవాడనియు ఆక్షేపించువారు ఇరువైపులను కలరు. బిడ్డకు జ్వరము తగ్గినదని పూలు పట్టుకొనిపోయిన యిల్లాలు తన యింటి దేవుని గూట దీపమును మానలేదు. ఆ పూలనందుకొనిన ముజావరు దేవుడొక్కడేయను మాటను విడువలేదు. ఆమె నమ్మినది ఆతడు నమ్మడు. ఆతని నమాజు ఆమెకు రాదు. వీరిలో నెవరు కపటులో చూపవలసిన నిరూపణభారము ఆక్షేపించువారిది; వారి సాక్ష్యమును ఇదే వేదికపై వినుటకు మేము సిద్ధముగా నున్నాము.